అద్దె వెలుగులు, అరువు పాటలు



కోతల పండుగ దగ్గరపడింది. ఏటా ఈ రోజుల్లో మన సంఘములో ఏ మాటలు మొదలవుతాయో మీకు తెలుసు. పందిరి ఎవరు వేస్తారు, వంట ఎవరు చూస్తారు, వేలంలో మొదటి గుమ్మడికాయ ఎవరు పాడతారు. ఈసారి వీటితోపాటు కొత్త మాట ఒకటి వచ్చింది. పండుగ రెండు రాత్రులూ పట్టణము నుండి స్టేజీ, ఎల్ఈడీ తెర, పొగ మిషను, కీబోర్డు బృందము తెప్పిద్దామని, ఇంటికి ఇంతని వేసుకుందామని కొందరు అడుగుతున్నారు. మాకు చెప్పిన లెక్క 80 వేలు. దానితోపాటు ఇంకో మాట కూడా మా చెవిన పడింది. గురువారం ఇళ్ళలో జరిగే కూడికలు, పత్తి ఏరే అక్కలు మధ్యాహ్నం వేపచెట్టు కింద చేసుకునే ప్రార్థన, ఇవి ఆరాధన కిందికి రావట. మైకు లేదు, డ్రమ్స్ లేవు, ఫేస్‌బుక్ లైవ్ లేదు గనుక అవి చిన్నపిల్లల ఆటలాంటివట.

మేము దీనికి ఎదురు చెప్పదలచుకున్నాము. మెత్తగా కాదు, గట్టిగానే చెప్తాము. ఆ వేపచెట్టు కింద జరుగుతున్నదే ఆరాధన. స్టేజీ మీద జరగబోయేది, అది ఎంత బాగున్నా, మనము డబ్బిచ్చి చూసే కార్యక్రమము. ఈ రెంటికీ తేడా శబ్దములో లేదు. ఎవరి చేతులు పనిచేస్తున్నాయి, ఎవరి హృదయము ఇస్తున్నది అన్నదానిలో ఉంది.

నిర్గమకాండము తెరవండి. ఇశ్రాయేలీయుల బంగారు పోగులు రెండుసార్లు చెవుల నుండి దిగాయి. మొదటిసారి 32వ అధ్యాయములో. మోషే కొండ దిగడం ఆలస్యమయ్యింది, జనానికి కళ్ళ ముందు ఏదో ఒకటి కావాలి. అహరోను మీ భార్యల, కుమారుల, కుమార్తెల చెవిపోగులు తీసి తెమ్మన్నాడు. అందరూ తెచ్చారు. ఎవరికి మనసుంది, ఎవరికి లేదు అని అక్కడ ఎవరూ అడగలేదు. పోత పోసింది ఒక్కడు, చూసి గంతులు వేసింది మిగిలినవారు. మరునాడే పండుగ. గమనించండి, అది ఎంతో త్వరగా తయారైంది. తెరలు, పొగలు కూడా త్వరగానే వస్తాయి, లారీలో వస్తాయి.

రెండవసారి 35, 36 అధ్యాయాలలో. అదే జనము, అదే బంగారము. కాని ఈసారి మోషే ఇంటికి ఇంతని వేయలేదు. ఎవరి హృదయము వారిని రేపునో వారు తెమ్మన్నాడు. పురుషులు, స్త్రీలు వచ్చారు. నీల ధూమ్ర రక్తవర్ణముల నూలు స్త్రీలు తమ చేతులతో వడికి తెచ్చారు. మేక వెంట్రుకలను కూడా వడికారు. 38వ అధ్యాయములో ఇంకో మాట ఉంది, సేవచేసే స్త్రీల అద్దములతో ఇత్తడి గంగాళము చేయబడిందని. ఐగుప్తు నుండి మూటలో దాచుకొని తెచ్చుకున్న అద్దము అది. ముఖము చూసుకునే అద్దాన్ని యాజకులు కాళ్ళు చేతులు కడుక్కునే గంగాళానికి ఇచ్చిన ఆ తల్లుల పేర్లు కూడా మనకు తెలియవు.

ఇక పనివాడు. దేవుని ఆత్మతో నింపబడ్డాడని పరిశుద్ధ గ్రంథము పేరు పెట్టి మొట్టమొదట ఎవరి గురించి చెప్తుంది? ప్రవక్త గురించి కాదు, ప్రసంగీకుని గురించి కాదు. యూదా గోత్రికుడైన బెసలేలు, కంసాలి పని, వడ్రంగి పని, చెక్కడపు పని తెలిసినవాడు. అతనికి తోడు దాను గోత్రికుడైన అహోలీయాబు. 35:34లో మరో వరము కూడా ఉంది, దానిని మనము చదివి దాటిపోతాము. ఇతరులకు నేర్పే బుద్ధిని దేవుడు వారి హృదయములో పుట్టించాడు. అంటే పని ఒకరిద్దరి దగ్గర ఆగిపోకూడదని దేవుడే ఏర్పాటు చేశాడు.

తరువాత జరిగినది చూడండి (36:5-7). పనివాళ్ళే వచ్చి మోషేతో, కావలసినదానికంటే ఎక్కువ తెస్తున్నారని చెప్పారు. మోషే పాళెమంతటా చాటింపు వేయించి ఇక తేవద్దని ఆపించాడు. మేము పరిచర్యలోకి వచ్చి ఇన్నేళ్ళయింది, టీవీలో గాని, స్టేజీల మీద గాని "చాలు, ఇక ఇవ్వకండి" అన్న దైవజనుని ఒక్కరినైనా వినలేదు. మీరు విన్నారా? తమ చేతులతో వడికినవారు, చెక్కినవారు, అల్లినవారు ఉన్నచోట ఎంత కావాలో అందరికీ కనబడుతుంది. అందుకే చాలు అనగలిగారు. చేసేవాడు ఒకడు, చూసేవారు వేలమంది అయినచోట ఎంత కావాలో ఎవరికీ తెలియదు. అక్కడ కానుకకు అంతు ఉండదు.

ఇక్కడే విత్తనము బోధ లోపలికి వస్తుంది. వెయ్యి విత్తితే లక్ష కోస్తావు, అప్పు చేసైనా విత్తు, దేవుడు తీరుస్తాడు. ఈ మాటలు చెప్పేవారు మార్కు 12లోని విధవరాలిని తప్పక ఎత్తుతారు. రెండు కాసులు వేసి తన జీవనమంతా ఇచ్చిందని. మంచిదే, కాని రెండు వచనములు వెనక్కు వెళ్ళి 40వ వచనము చదవరేమి? దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్ళు మింగే శాస్త్రులకు ఎక్కువ శిక్ష అని ప్రభువు చెప్పి, అక్కడి నుండే వచ్చి కానుకపెట్టె ఎదుట కూర్చున్నాడు. ఆ విధవరాలి హృదయాన్ని ఆయన మెచ్చుకున్నాడు. ఆమెను ఖాళీ చేసిన ఏర్పాటును మెచ్చుకోలేదు. 13వ అధ్యాయము మొదట్లోనే ఆ దేవాలయము రాయి మీద రాయి నిలువదని చెప్పాడు. డ్వాక్రా గ్రూపు అప్పు తెచ్చి స్టేజీకి కట్టిన ఇల్లు ఇక్కడ ఒక్కటి ఉన్నా, మనము 40వ వచనములో ఎవరి పక్కన నిలబడతాము?

కొందరు దావీదును చూపిస్తారు. అరౌనా కళ్ళము ఉచితముగా వస్తుంటే, వెల ఇవ్వకుండా దేవునికి బలి అర్పించనన్నాడు గదా, ఆరాధనకు ఖర్చు పెట్టాలి గదా అని. ఔను, పెట్టాలి. అయితే దావీదు తన వెండి తాను తూచి ఇచ్చాడు. ఊరిమీద చందా వేయలేదు, పక్క రాజ్యము నుండి బలిపీఠము అద్దెకు తేలేదు. యూట్యూబులో విన్న పాటను, ఆ పాటగాడి ఊపుతో, ఆ పాటగాడి గొంతుతో, అతని "హల్లెలూయ" ఎక్కడ వస్తే అక్కడే మనమూ అని పాడితే దానిలో మనకు వెల ఎక్కడ? ఆ పాట రాసినవాడు కన్నీళ్ళు పెట్టి రాసి ఉండవచ్చు. ఆ కన్నీళ్ళు అతనివి.

మన తాతల రోజులు ఒక్కసారి తలచుకోండి. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతములో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి పని పెట్టించాడు. కరువు నడుస్తున్నంతకాలము బాప్తిస్మములు ఆపాడు, గింజల కోసము వచ్చారన్న మాట రాకూడదని. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. అక్కడ స్టేజీ లేదు. నది ఉంది, వంతులవారీగా నీళ్ళలో దిగిన బోధకులు ఉన్నారు. ఆ జనములో ఎక్కువమంది చెప్పులు కుట్టే మాదిగ కుటుంబాలవారు. అంతకు చాలా ముందే వారిలో సువార్తను ఊరూరా మోసినవాడు ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారము మీద తిరిగినవాడు.

దోర్నకల్‌లో 1912లో బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు. ఆయన ఇవ్వడము గురించి ఎడతెగక బోధించారు. ఎవరికి? జమీందారులకు కాదు, కూలి జనానికి. పేదవారు గనుక ఇవ్వనక్కరలేదు అనడము వారిని అవమానించడమేనని ఆయన నమ్మిక. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథీడ్రల్‌ను వెళ్ళి చూడండి. గుమ్మటాలు, మీనార్ల వంటి బురుజులు, గుడి మండపములో ఉండే రకము స్తంభాలు. ఇంగ్లాండు నుండి గోతిక్ గుడి పటము తెచ్చి ఇక్కడ దించలేదు. ఈ దేశపు రాతిపని ఈ దేశపు ప్రభువును స్తుతించవచ్చునని నమ్మి కట్టారు.

గుప్పెడు బియ్యము మాట మీలో పెద్దవారికి తెలుసు. ఎసరులో పోసేముందు ఒక గుప్పెడు తీసి పక్క కుండలో వేయడము. మిజోరాములో స్త్రీలు 1910లో ఈ పనిని మొదలుపెట్టారు, వాళ్ళ భాషలో బుహ్‌ఫాయ్ థమ్ అంటారు. ఈరోజు అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి ఆ బియ్యము మీద వచ్చేది కోట్లలో ఉంటుంది, మిషనరీలను పంపుతున్నారు. ఏ స్టేజీ మీదా ఎవరూ అరవలేదు. పొయ్యి దగ్గర, రోజుకు రెండుసార్లు, ఎవరూ చూడకుండా. మన ఇళ్ళలో ఆ కుండ ఎప్పుడు మాయమైందో అడిగితే, చందా పుస్తకము వచ్చాకే అని ఒక పెద్దమ్మ మాతో అన్నది. ఆమె మాట మేము తీసిపారేయలేము.

పాటల సంగతికి వద్దాము, అసలు పోరు ఇక్కడే. పాత కీర్తనలు చాలు, కొత్తవి వద్దు అనే పెద్దలు ఒక పక్క. కీర్తనలు ముసలివారివి, కొత్తవి పెట్టండి అనే యౌవనస్థులు ఇంకో పక్క. మేము ఇద్దరితోనూ తగవు పెట్టుకుంటాము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే పాట నెత్తిన రాగము, తాళము ముద్రించి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణములు. 19వ శతాబ్దములో పురుషోత్తమ చౌదరి గారు మొదలైనవారు అలా రాసినప్పుడు అది పాత కాదు, అప్పటికి అదే కొత్త. దొరల ట్యూన్లకు తెలుగు మాటలు అతికించి పాడుతున్న కాలములో, ఊరి జనానికి తెలిసిన కీర్తన పద్ధతిలో ప్రభువును పాడాలని వారు తెగించారు. పెద్దలారా, మీరు కాపాడుతున్నది ఆ తెగింపు పంటనే. యౌవనస్థులారా, మీరు అడగవలసింది కూడా ఆ తెగింపునే, వేరొకరి కరావోకే ట్రాకును కాదు.

డప్పు మాట కూడా ఎత్తుతాము, కొందరికి కోపము వచ్చినా సరే. డప్పు మందిరములోకి రాకూడదని మన పెద్దలు పెట్టిన కట్టుబాటు ఊరికే పెట్టలేదు. జాతరలో, చావులో, దొరల ఇళ్ళ శుభకార్యాలలో పిలిస్తే వెళ్ళి కొట్టాలి, అది వెట్టి. ప్రభువును అంగీకరించిన ఆ తొలి తరము "ఇక కొట్టము" అన్నది. దానికి దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. వారికి ఆ మాట స్వాతంత్ర్యము, దానిని చులకన చేసే అధికారము మనకెవరికీ లేదు. కాని వారు కాదన్నది వెట్టిని. తోలును, చేతిని కాదు. 150వ కీర్తనలో తంబుర, తాళములు, నాట్యము అన్నీ ఉన్నాయి. ఎవడో పిలిస్తే భయముతో కొట్టిన తాత చేయి వేరు. తన ఇష్టముతో, తన ప్రభువు కోసము, పండుగ నాడు కొట్టే మనవడి చేయి వేరు. జపాను కంపెనీ డ్రమ్ సెట్టు పరిశుద్ధము, మన పేటలో కట్టిన డప్పు అపవిత్రము అని ఎవరైనా అంటే, అది వాక్యము నేర్పిన మాట కాదు. కులము నేర్పిన మాట.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కొత్త తరహా ఆరాధన అనగానే అదంతా మంచిదని మేము అనము. మేము సెమినరీలో చదువుకున్న రోజుల్లో ఇంగ్లాండులోని షెఫీల్డ్ సంగతి చదివాము. 1986లో అక్కడ యౌవనస్థులు రాత్రి తొమ్మిదింటి ఆరాధన అని మొదలుపెట్టారు. డాన్సు సంగీతము, తెరల మీద బొమ్మలు, దీపాలు, అన్నీ వాళ్ళు స్వయంగా చేసినవే. వందలమంది వచ్చారు, ఇంగ్లాండు సంఘమంతా మెచ్చుకుంది. 1995లో దాని నాయకుడు స్త్రీల పట్ల నడచుకున్న తీరు బయటపడి అది మూతపడింది. నైపుణ్యము ఉంది, ఇచ్చే మనసులు ఉన్నాయి. నాయకుని లెక్క అడిగేవారు లేరు. అహోలీయాబు లేని బెసలేలు ప్రమాదము. మాతో సహా.

మన దేశములో భక్తసింగ్ గారి సహవాసములను చూడండి. 1940ల నుండి మద్రాసులో, తరువాత హైదరాబాదు హెబ్రోనులో, చాపల మీద కూర్చొని, ఆరాధనలో సామాన్య విశ్వాసులే నోరు తెరచి స్తుతించారు. తరువాత అందరూ వరుసగా కూర్చొని ప్రేమవిందు తిన్నారు. డబ్బు కోసము విజ్ఞప్తులు చేయకూడదన్నది వారి పట్టు. కొన్ని విషయాలలో వారి బోధతో మేము ఏకీభవించము, బాప్తిస్మము, సంఘ పరిపాలన లాంటివాటిలో. కాని చాప మీద కూర్చున్న రిక్షా కార్మికుడు లేచి ప్రార్థిస్తే పక్కనున్న డాక్టరు ఆమేన్ అన్న ఆ ఆరాధనను ఏ తెరా ఇవ్వలేదు.

"అయ్యగారూ, ఇవన్నీ సరే, స్టేజీ లేకపోతే పిల్లలు పట్టణానికి పోతారు" అంటారు. పోతున్నారు, మాకు తెలుసు. ఎందుకు పోతున్నారో అడిగారా? ఇక్కడ వాళ్ళకు ఏ పని ఇచ్చాము? కుర్చీలు వేయడము, కుర్చీలు తీయడము, మైకు బ్యాటరీలు మార్చడము. 1 కొరింథీ 14:26లో పౌలు కూడివచ్చిన ప్రతివాని దగ్గరా ఏదో ఒకటి ఉందంటాడు. ఒకరి దగ్గర కీర్తన, ఒకరి దగ్గర బోధ. మన దగ్గర మాత్రము ఒక్కరి దగ్గరే అన్నీ, మిగిలినవారి దగ్గర ఫోను. పట్టణములోనూ వాళ్ళు చూడడానికే పోతున్నారు. ఇక్కడ చూడడము అలవాటు చేసింది మనమే అయితే, అక్కడ ఇంకా బాగా కనబడే తెర దగ్గరికి పోవడములో తప్పు వారిది ఎంత?

చూడండి, వేపచెట్టు కింద కూడికలో పోయిన నెల ఏమి జరిగింది. పత్తికి రేటు పడిపోయిన వారము అది. ఒక అక్క నాట్ల పాట బాణీలో నాలుగు మాటలు కట్టింది. యేసయ్యా, తూకములో మోసపోయినవారి పక్కన నీవు నిలుచుంటావు కదా అని దాని భావము. వ్యాకరణము సరిగా లేదు, ప్రాస లేదు. మిగిలిన ఆడవాళ్ళు అందుకొని ఇంకో రెండు చరణాలు చేర్చారు. లేచేముందు ఆ గుంపులో ఇల్లు గడవని ఒకామెకు తలా ఇరవై, ముప్పై వేసుకొని ఇచ్చారు. ఎవరూ అడగలేదు. పాట కట్టిన నోరు, డబ్బు తీసిన చేయి ఒకే మనిషివి. 36వ అధ్యాయము మేము పుస్తకములో చదివాము, అక్కడ చూశాము.

కాబట్టి పండుగకు మేము అడిగేది ఇది. స్టేజీ వద్దు. పందిరి మన తాటాకులతో, మన వడ్రంగి సహోదరుల చేతులతో వేద్దాము, వాళ్ళ పక్కన ఒక్కొక్క కుర్రవాణ్ణి నిలబెడదాము, పని నేర్చుకుంటాడు. ప్రతి గృహ కూడిక నుండి ఒక కొత్త పాట రావాలి. బాగుందా లేదా అని తీర్పు తీర్చే బల్ల ఉండదు, వాక్యానికి విరుద్ధముగా ఉందా అని మాత్రము పెద్దలు చూస్తారు. డప్పు వేసేవారు వేయవచ్చు. ఎవరినీ బలవంతపెట్టము, అదే ముఖ్యము. గుప్పెడు బియ్యము కుండలు మళ్ళీ పెడదాము. వచ్చిన కానుక, పెట్టిన ఖర్చు, పైసాతో సహా మందిరము గోడ మీద కాగితము అంటిస్తాము. మా జీతము కూడా దానిలో ఉంటుంది. అవసరము తీరిన రోజున చాలు అని మేమే చాటింపు వేస్తాము, ఆ చాటింపు వినాలని మాకు చాలా ఆశగా ఉంది.

ఈ ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు పెద్దల కూడిక. స్టేజీ సంగతి అక్కడ తేలుతుంది. మా మాట ఏమిటో మీకు తెలిసింది. స్టేజీ కావాలనేవారు తప్పక రండి, మీ మాట మీ నోటితో చెప్పండి, వాట్సప్‌లో కాదు. వచ్చేవారు ఇంటికి ఒక గుప్పెడు బియ్యము తీసుకురండి. ఆ రాత్రి అక్కడే వండుకొని తిందాము. పప్పు మా ఇంటి నుండి వస్తుంది, అమ్మగారు ఒప్పుకున్నారు.